ఏ మందో చెప్పండి

మా ఊళ్ళో నన్ను అర్జీలక్క అంటారు. మొదట్లో నా వెనక అనేవాళ్ళు, ఇప్పుడు ముఖం మీదే అంటున్నారు. అననీ. వీధి దీపం వెలగకపోతే అర్జీ ఇచ్చాను. రేషన్ బియ్యం తూకం తగ్గితే ఇచ్చాను. మా పెదనాన్న కొడుకు పెళ్ళిలో వడ్డించేవాళ్ళు నా విస్తరి దాటేసి, పక్కావిడకు ఓళిగలు, అవే బొబ్బట్లు, వేసి పోయినప్పుడు మాత్రం అర్జీ ఎవరికివ్వాలో తెలియక మనసులోనే పెట్టుకున్నాను. ఆ పెళ్ళయ్యాక పుట్టిన కొడుక్కి ఇప్పుడు మీసాలొచ్చాయి. నేను మర్చిపోలేదు.

అయితే ఇప్పుడు రాస్తున్నది ఓళిగల సంగతి కాదు. మా తమ్ముడి చావుకు ఊరు పెట్టిన పేరు సంగతి.

తమ్ముడు కోయిలకుంట్ల అవతల నాపరాళ్ళు లారీలకెత్తే పని చేసేవాడు. నడుము పట్టేసింది. డాక్టరు రాసిచ్చిన బిళ్ళలు అయిపోయాక, బైపాస్ పక్క బీడీలమ్మే రేకుల బంకులో లారీలవాళ్ళు వాడే బిళ్ళ దొరుకుతుందని ఎవరో చెప్పారు. దానికి అట్ట ఉండదు, పేరుండదు. విడిగా పొట్లం కట్టి ఇస్తారు. కొన్నాళ్ళు నొప్పికి మింగాడు. ఆ తర్వాత మింగకపోతే వణుకు, వాంతులు, చెమటలు. వాటికి భయపడి మింగాడు.

"మానుకోరా" అంటే, "మానుకుంటే రాయెత్తేదెవురుక్కా? దానికీ అర్జీ పెడ్తావా?" అని నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం పని మధ్యలోనే ఇంటికొచ్చి పడుకున్నాడు. పెద్దగా గురక. నొప్పితో సరిగా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. మరదలు పిల్లల్ని బయటికి పంపి, ఈగలు వాలకుండా దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసింది. "గలాటా చేయాకండి. మీ నాయన ఇన్నాళ్ళకు బాగా పండుకున్న్యాడు" అందట. ఏ ఇల్లాలైనా అదే చేస్తుంది. గురక ఆగాక లోపలికెళ్ళి చూస్తే పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగి ఉన్నాయి.

ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది. డాక్టరమ్మ కనురెప్ప ఎత్తి నాకు చూపించింది. కంటిపాప ఆవగింజంత అయిపోయింది.

"అది నిద్ర కాదమ్మా. ఊపిరాడక పెట్టిన గురక. ఈ బజారు బిళ్ళల్లో ఇప్పుడు ఏదో కొత్త పొడి కలుపుతున్నారు. అది పాతవాటికన్నా ఎన్నో రెట్లు బలమైనది. గోటి కొసకు అంటినంత ఎక్కువైనా మనిషి ఊపిరి తీయడం మర్చిపోతాడు."

"ఇన్నాళ్ళూ మింగింది ఆ బంకు బిళ్ళే కదా?" అన్నాను.

"సంగటి సరిగా కెలక్కపోతే ఏమవుతుంది? ఒక ముద్ద మెత్తగా ఉంటుంది, ఒక ముద్దలో పిండి ఉండకడుతుంది. మీ తమ్ముడికి ఉండ వచ్చింది."

శవాన్ని ఇంటికి తెచ్చేసరికి ఆ పెళ్ళికొడుకే, మా పెదనాన్న కొడుకు, మా అన్న, వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎవరో ఆయన్ని అడిగారు, "ఎట్లయిందప్పా?" అని.

"మందు తాగినాడంట."

అంతే. మన మాటల్లో డాక్టరు ఇచ్చేదీ మందే, సీసాలో ఉండేదీ మందే, పత్తికి కొట్టేదీ మందే. అందులో ఊరు తనకు కావలసిన మందును ఏరుకుంది. గోడ వారన పురుగుమందు డబ్బా ఉంది. పత్తి వేసిన ఏ ఇంట్లో ఉండదు? అందరూ ముందు డబ్బా వైపు చూశారు, తర్వాత మరదలి వైపు చూశారు.

"ఇంట్లో సుకముంటే మగోడు మందు యాల తాగుతాడు?" అన్నాడు మా అన్న, వీధి చివరికి వినపడేలా. బంకు నిలబడిన స్థలం తనదేనని ఆయనకు ఆ పూట గుర్తు రాలేదు.

పోలీస్ స్టేషన్లో రైటర్ కూడా అదే రాసుకుంటున్నాడు. మందు తాగి చనిపోయాడని.

"ఏ మందు?" అన్నాను.

"మందు మందే కదమ్మా."

"మీ పిల్లోనికి జరమొస్తే ఏ మందు పోస్తారు సార్? పత్తికి కొట్టేదా?"

ఆయన తలెత్తి చూశాడు. "కోయిలకుంట్ల పక్క అర్జీలక్కవి నువ్వేనా?" అన్నాడు. మాట మాత్రం మార్చలేదు. పోస్టుమార్టం పరీక్షల రిపోర్టు రానీ, చూద్దామన్నాడు.

ఆనాటి నుంచి నీళ్ళ ట్యాంకు దగ్గర ఆడవాళ్ళు మరదలికి చోటిచ్చినట్టే ఇచ్చి దూరం జరిగేవాళ్ళు. మొగుడి చేత మందు తాగించిన మనిషి కదా! మా అన్న కూతురి సీమంతానికి వీధంతా పిలుపు అందింది, ఆమె గడప ఒక్కటీ తప్ప. రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒకటే గోడ.

నేను ఊరుకుంటానా? సోమవారం సోమవారం బంకు మీద అర్జీ పట్టుకుని స్టేషన్‌కు పోయాను. ట్యాంకు దగ్గర నిలబడి ఆడవాళ్ళందరికీ చెప్పాను. గురక తేడాగా ఉంటే లేపండి, లేవకపోతే కన్ను తెరిచి చూడండి, పాప ఆవగింజంత ఉంటే పక్కకు తిప్పి పండబెట్టి అంబులెన్సును పిలవండి, ఊపిరి మళ్ళించే సూది వాళ్ళ దగ్గర ఉంటుంది అని.

"ఏందక్కా, మొగుళ్ళ గురకల మీద గూడా అర్జీనా?" అంది ఒకామె.

"మావోని గురకకు అంబులెన్సు పిలిస్తే, అది రోజూ మా ఇంటికాడనే ఉండాల" అంది ఇంకొకామె. బిందెలు పట్టుకుని అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు.

శనగ కోతలప్పుడు మా అన్న కొడుకు ట్రాక్టరు మీంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఒక పొద్దున మరదలు ఇవతల గిన్నెలు తోముతుంటే గోడ అవతల నుంచి గురక వినిపించింది. ఆ గురక ఆమెకు తెలుసు. చేతి బూడిద కడుక్కోకుండానే, పిలుపు లేని ఆ ఇంట్లోకి పరిగెత్తింది.

"యాడికొస్తాండావ్ మే? పండుకున్న్యోన్ని లేపుతాండావా?" అని మా వదిన అడ్డం వచ్చింది.

"పండుకోలేదక్కా. పోతాండాడు."

చెంపల మీద కొట్టింది. లేవలేదు. కన్ను తెరిచి చూసి, పక్కకు తిప్పి, నా పేరు పెట్టి వీధంతా వినపడేలా కేక పెట్టింది. నేను అంబులెన్సును పిలిచాను. సూది పడ్డాక పిల్లవాడు పెద్దగా ఊపిరి తీసి, కళ్ళు తెరిచి అందర్నీ తిట్టాడు. అంత మంచి తిట్లు నేను ఎప్పుడూ వినలేదు.

ఆసుపత్రిలో నర్సు వివరాలు అడిగింది. "మందు తాగినాడా?"

"మందు కాదమ్మా!" అని అరిచాడు మా అన్న. "మావోడు అట్లాంటోడు కాదు. నొప్పికి బిళ్ళ మింగినాడు. ఆ బిళ్ళలో ఏం కలిపి సచ్చినారో!"

మరదలు పక్కనే ఉంది. నేను అడిగాను.

"ఇంగోసారి చెప్పన్నా. నా మరదలికి వినపల్లేదు."

"ఇప్పుడు యాలమ్మా అదంతా?"

"ఇప్పుడే కావాల. మా తమ్ముని శవం ముందర నువ్వు శానా గట్టిగా మాట్లాడినావు."

ఆయన తన కొడుకు మంచం వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మా తమ్ముడు మందు తాగలేదు. బిళ్ళకు పోయినాడు."

"ఊర్లో గూడా చెప్పాల. ట్యాంకు కాడ."

చెప్పాడు. నేల చూస్తూ చెప్పాడు గానీ, చెప్పాడు. బంకును తన స్థలంలోంచి లేపించాడు. అది రోడ్డు అవతలికి మారింది, నా అర్జీ కూడా రోడ్డు దాటింది. మా వదిన స్టీలు డబ్బాలో ఓళిగలు పెట్టి మరదలి ఇంటికి స్వయంగా తెచ్చింది. మరదలు, పిల్లలు తిన్నారు. నేను ముట్టలేదు. నాకు రావలసినవి పెళ్ళినాటివి.

స్టేషన్లో ఆ మాట ఇంకా కొట్టేయలేదు. రిపోర్టు రాలేదంటారు. పోయిన సోమవారం నేను గడపలో కాలు పెట్టకముందే రైటర్ కుర్చీ ఇటు జరిపాడు.

"రామ్మా, కూర్చో. ఏ మందని అడుగుతావు, అంతే కదా?"

"అంతే" అని కూర్చున్నాను.