మేనమామ ఒడి, పిల్లాడి సీటు

చిన్నపిల్లల్ని కారులో బెల్టుతోనో పిల్లల సీటులోనో కట్టి కూర్చోబెట్టాలన్న నిబంధన చట్టంలోకి వచ్చిన కొన్నాళ్ళకు నన్ను విజయవాడలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. అదే నా చివరి పోస్టింగు. జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్లంటారు. రోడ్డు మీద తనిఖీలూ, ప్రమాదంలో దెబ్బతిన్న బండిని పరీక్షించి పోలీసులకు రిపోర్టివ్వడమూ మా పనే.

చెరకు సీజన్లో ఒక ఉదయం ఉయ్యూరు రోడ్డులో ఒక కొత్త కారు ఆపాను. తండ్రి నడుపుతున్నాడు. పక్క సీట్లో పిల్లాడి మేనమామ, అతని ఒళ్ళో మూడో ఏడు నడుస్తున్న బాబు. వెనక తల్లీ, అమ్మమ్మా. నాకు చిర్రెత్తుకొచ్చింది. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే మొదట తగిలేది ఆ పసివాడికే. డిక్కీ తీయిస్తే పిల్లల సీటు కవరైనా విప్పకుండా కనిపించింది. మేనమామే కొనిచ్చాడట!

"ఏమ్మా, ఇది అలంకారానికా?" అన్నాను.

"పుట్టువెంట్రుకలు తీయించడానికి వెళ్తున్నామండీ మేడం గారూ. గుండయ్యేదాకా పిల్లాడు మేనమామ ఒడిలోనే ఉండాలి. సీటు వచ్చేటప్పుడు పెడతాంలెండి," అంది అమ్మమ్మ.

చలానా రాయడం క్షణం పని. కానీ మలుపు తిరగ్గానే బాబు మళ్ళీ ఒళ్ళోకి చేరతాడు. అందుకని ఆవిణ్ణే అడిగాను: "మేనమామ పక్కనే కూర్చుని, తన కండువా కప్పి, చెయ్యి వేసి పట్టుకుంటే ఒడి కాదంటారా?"

ఆవిడ కొడుకు వంక చూసింది, బాబు వంక చూసింది. "చెయ్యి మాత్రం తియ్యకూడదు మరి," అంది.

తల్లిని ముందుకు పంపి, వెనక కిటికీ వైపు సీటు పెట్టించాను. కారు బెల్టును సీటు వెనక దారిలోంచి దూర్చి, మోకాలితో అదిమి బిగించాం. పట్టుకుని ఊపితే కదలకూడదు. బాబు పట్టీలు ఒంటికి అంటుకుని ఉండాలి కాబట్టి కండువా వాటి కింద కాదు, పైన కప్పించాను. వాడు ఏడుపు లంకించుకున్నాడు. పెద్దవాళ్ళందరి చేతా బెల్టులు పెట్టించి పంపాను.

మధ్యాహ్నం కాకముందే స్టేషన్ నుంచి ఫోన్: ముందు వెళ్తున్న చెరకు ట్రాక్టర్ ఉన్నట్టుండి ఆగితే కారు గుద్దుకుంది, వచ్చి చూడమని. వెళ్ళి చూస్తే అదే కారు. ముందుభాగం నుజ్జయింది, ఎయిర్‌బ్యాగులు వేలాడుతున్నాయి. వెనక పిల్లల సీటు పెట్టింది పెట్టినట్టే ఉంది. అందులో కండువా ఉంది, బాబు లేడు.

రోడ్డు పక్క చెరకురసం బండి దగ్గర వాడి ఏడుపు వినిపించింది. ప్రాణం లేచొచ్చింది. అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని, గ్లాసు తనకే కావాలని మారాం చేస్తున్నాడు. ఒంటి మీద గీత లేదు. పెద్దవాళ్ళకు కమిలిన దెబ్బలే.

మేనమామ తన చెయ్యి చూసుకుంటూ, "గట్టిగానే పట్టుకున్నానండీ. ఎప్పుడు జారిపోయిందో తెలీదు," అన్నాడు.

బ్రేకులు, స్టీరింగు పరీక్షించి, బయల్దేరే ముందు, పైకి బాగానే కనిపించినా ప్రమాదంలో అదురు తిన్న పిల్లల సీటు మళ్ళీ వాడొద్దని చెప్పాను.

"కొత్తది మేనమామే కొంటాడండీ. ఇక మా ఇంట్లో ఇదీ ఆనవాయితీయే," అంది అమ్మమ్మ.

రిటైరయ్యేదాకా తర్వాత ఎన్ని కార్లు ఆపినా, చలానా రాసేముందు పిల్లాణ్ణి ఒళ్ళో ఎందుకు పెట్టుకున్నారో అడిగేదాన్ని. అది తెలియకుండా రాసిన చలానా మలుపు దాకే పనిచేస్తుంది.