పూజకు ముందు కట్టే పాల కవర్లు

మా సారు పోయారన్న కబురు నాకు బొగ్గు యార్డులోనే తెలిసింది. పొద్దున్నే పొక్లెయిన్ ఇంజను మూత తెరిచి చూస్తుంటే ఆపరేటరు ఫోను పట్టుకుని వచ్చాడు. "పాపా, సారు పోనారట. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేత్తన్నారట" అని అక్కడే బండి ఇనప పట్టా మీద కూర్చుండిపోయాడు. నేను మూత వేసేశాను. ఏం చేయాలో తోచక మళ్ళీ తెరిచాను.

మా సారు డీజిల్ యంత్రాల సర్వీసు ఇంజనీరు. వాళ్ళ కుటుంబం పోర్టు పనుల కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఈ ఊళ్ళోనే ఉండిపోయింది. నేను పద్మనాభం దగ్గరి పల్లె నుంచి డిప్లొమా చదువుకుని వచ్చి ఆయన కింద చేరాను. మా ఇంట్లో నాకంటే ముందు బడికి వెళ్ళినవాళ్ళు లేరు. ఉద్యోగం వచ్చిందంటే మా అమ్మ, "ఆ మిషన్ల కాడ ఆడపిల్లవి, నువ్వేటి సేత్తావే?" అని అడిగింది. అప్పటికి నాకూ సరిగ్గా తెలియదు. మొదటి వారంలో సారు నాకు చెప్పింది ఇంజను గురించి కాదు. "అమ్మాయ్, డీజిల్ వాసన సబ్బుకి పోదు. శనగపిండితో కడుక్కో. లేకపోతే అన్నం సయించదు" అన్నారు.

పొగ తగ్గించే ఏర్పాటున్న కొత్త ఇంజన్లు యార్డుకు వస్తున్న రోజులవి. బయటికి పోయే పొగలో కొంత తిరిగి ఇంజన్లోకి పంపడానికి ఒక వాల్వు ఉంటుంది. అది ఎంత తెరుచుకుందో చెప్పడానికి ఒక సెన్సారు. ఆ సెన్సారు చెప్పింది తేడాగా ఉంటే క్యాబిన్లో దీపం వెలుగుతుంది, ఇంజను సత్తువ తగ్గిపోతుంది, బకెట్ నిండా బొగ్గు ఎత్తలేక బండి మూలుగుతుంది. చాలామంది వెంటనే సెన్సారు మార్చేసేవారు. సారు మాత్రం సెన్సారు నుంచి వచ్చే తీగను చివరిదాకా చేత్తో తడుముకుంటూ వెళ్ళేవారు. "మీటరు తర్వాత. ముందు చెయ్యి పెట్టు" అనేవారు. జేబులో వాళ్ళావిడ పాత చీర ముక్క ఒకటి ఉండేది, తుడవడానికి. బొగ్గు దుమ్ముకి దగ్గు వస్తే అదే మూతికి అడ్డం పెట్టుకునేవారు. ఎన్నిసార్లు చెప్పినా మాస్కు కట్టలేదు.

అంత జాగ్రత్త మనిషీ ఒకసారి తప్పు చెప్పారు.

ఆ ఏడు దసరా అయిన కొద్దిరోజులకు ఒక బండిలో దీపం వెలిగింది. పని బాగా ఒత్తిడిగా ఉంది. సారు వాల్వు విప్పి చూస్తే మసి దట్టంగా పట్టి ఉంది. "డీజిల్లో కల్తీ ఉన్నట్టుంది" అన్నారు. బండ్లు నడిపించే కాంట్రాక్టరు పక్కనే ఉన్నాడు. "అలా సెప్పండి సారూ. డీజిలు తీసి అమ్ముకుని కిరసనాయిలు పోత్తన్నాడన్నమాట" అని ఆ సాయంత్రమే ఆ బండి ఆపరేటరును పనిలోంచి తీసేశాడు. దొంగ అన్న మాట సారు అనలేదు. కానీ ఆయన మాట మీదే ఆ మాట నిలబడింది.

వాల్వు కడిగి కొత్త సెన్సారు వేశాక బండి నెల రోజులు నడిచింది. తర్వాత వేరే ఆపరేటరు చేతిలో మళ్ళీ అదే దీపం. ఈసారి సారు సెన్సారు జోలికి పోకుండా తీగ కొసన ఉన్న ప్లగ్గు ఊడదీశారు. లోపల పచ్చటి చిలుము పట్టి ఉంది. అంచు చుట్టూ ఎర్రటి గీత. తుడిస్తే చీర ముక్కకు కుంకుమ అంటింది.

ఆయుధ పూజకు మా యార్డులో బండ్లను ప్రెషరు పంపుతో కడుగుతారు. ఇంజను మీద కూడా పసుపు కుంకుమ నీళ్ళు చల్లుతారు. ఆ నీళ్ళు ప్లగ్గులోకి దిగి, ఉప్పుగాలి తోడై చిలుము పట్టింది. మొదటిసారి సెన్సారు మార్చినప్పుడు ప్లగ్గు తీసి పెట్టిన ఒరిపిడికి కొన్నాళ్ళు బాగున్నట్టు కనిపించింది, అంతే. మసి సంగతంటారా, ఇంజను ఆపకుండా గంటల తరబడి ఊరికే నిలబెట్టే ఏ బండికైనా పడుతుంది.

సారు ప్లగ్గు శుభ్రంగా తుడిచి మళ్ళీ పెట్టారు. తర్వాత, "అమ్మాయ్, ఆ ఆపరేటరుది మీ పద్మనాభం వైపే కదా?" అన్నారు.

ఆదివారం బస్సులో వెళ్ళాం. ఆపరేటరు కూలికి వరి కోస్తున్నాడు. మమ్మల్ని చూసి గట్టు మీదికి వచ్చాడు.

"ఏటి సారూ, ఇంత దూరం వొచ్చినారు? మిషను మళ్ళీ ఆగిపోనాదా?"

"మిషను బాగానే ఉందయ్యా. నేనే తప్పు చెప్పాను. డీజిల్లో ఏమీ లేదు."

అతను కొడవలి కింద పెట్టాడు. "ఆ మాట మా ఆవిడతో సెప్పండి. నాను సెప్తే నమ్మట్నేదు. పుట్టింటోళ్ళ ముందు తల దించుకుని తిరగతన్నాది."

ఇంటికి వెళ్ళి సారు మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విని, చెంబుతో మజ్జిగ ఇచ్చింది. "దొంగ అన్నది యార్డులో పది మంది ముందు. మంచోడని మా గుమ్మంలో సెప్తే ఏటవుద్ది బాబూ?" అంది. సారు మజ్జిగ తాగి, "నిజమేనమ్మా" అన్నారు.

మర్నాడు పొద్దున్న షిఫ్టు మారే వేళ, అందరూ ఉండగా చెప్పారు. కాంట్రాక్టరుకు ఇబ్బందిగా ఉంది. "ఇప్పుడు ఆడిని రమ్మంటే నా మాటేటవ్వాలి సారూ?" అన్నాడు. "మీ మాట కాదండీ, నా మాట. నాదే తప్పు. మసి చూసి మనిషిని అనకూడదు, నేను అన్నాను" అన్నారు సారు. ఆపరేటరు తిరిగి పనిలోకి వచ్చాడు. సారు పోయిన కబురు నాకు తెచ్చింది అతనే. ఆ ఏడాది వస్తుందనుకున్న ప్రమోషను సారుకు రాలేదు. రెంటికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

తర్వాత ప్రతి దసరాకూ, బండ్లు కడిగే ముందు ఆయన ఒక సంచితో యార్డుకు వచ్చేవారు. నిండా వాళ్ళావిడ కడిగి ఆరబెట్టిన పాల కవర్లు, రబ్బరు బాండ్లు. ఒక్కో ప్లగ్గుకూ కవరు తొడిగి కట్టేవారు. "సారు మిషన్లకి గొడుగు పడతన్నారు" అని కుర్రాళ్ళు నవ్వేవారు. "పూజ మీది, ఇది నాది" అనేవారు. కిందటేడు దగ్గు ఎక్కువై, సగంలో కూర్చుని మిగిలినవి నాచేత కట్టించారు.

ఈసారి దసరాకు నేను కవర్లు తీసుకురాలేదు. సారు పోయి పదోరోజు కర్మ కూడా కాకుండా ఆ ఇంటికి వెళ్ళి పాల కవర్లు అడగడానికి నోరు రాలేదు. నిద్ర లేదు, ఒళ్ళంతా బరువుగా ఉంది. ఈ ఒక్క ఏడాదికి వదిలేద్దామనుకుంటూ యార్డుకు వెళ్ళాను.

ఆపరేటరు ఇంజను మీదికి వంగి ఉన్నాడు. నడుముకు సంచి కట్టి ఉంది. "మా బస్సు స్టాపు కాడ టీ కొట్టోడిని అడిగి మా ఆవిడ కవర్లు పోగు సేసింది, పాపా" అన్నాడు తల తిప్పకుండా. "రబ్బరు బాండ్లు సాల్లేదు. దారం కట్టీసినాను."

కడగడం అయ్యాక బండి నుంచి నల్లటి నీళ్ళు కారుతున్నాయి. అతను దారం విప్పి, "సూడు, లోపలికి దిగినాదేటి?" అన్నాడు. మీటరు పెట్టబోయి ఆగి, చెయ్యి పెట్టాను. పొడిగా ఉంది. అతను ఆ కవరును విదిలించి, తిరగేసి, వచ్చే ఏటికని చొక్కా జేబులో మడిచి పెట్టుకున్నాడు.