తాతను మన్నులోనే ఉంచడానికి

మా మిషన్ సంఘంలో ఓడ మీద ఆఫీసరైన మొదటి మనిషి మా తాత. దారిలో చనిపోయిన తోటి నావికుణ్ణి గుడ్డలో చుట్టి సముద్రంలోకి జార్చడం చూశాడట. అప్పటి నుంచి సెలవుకు వచ్చినప్పుడల్లా బాపుతో ఒకటే మాట: "నన్ను మాత్రం మన్నుల్నే పెట్టుండ్రి." బాపు అట్లాగే పెట్టాడు, కరీంనగర్ దగ్గరి మా ఊళ్లో. ఇప్పుడు ఆ ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతోంది.

సమాధులను గుట్ట మీదికి మారుస్తున్నామని పాస్టర్ గారు ఫోన్ చేశారు. సొంతవాళ్లు రాకపోతే ఎముకలన్నీ కలిపి ఒకే గుంతలో పెడతారట. బాపు లేడు, అవ్వ లేదు. వాళ్లకు నేనొక్కదాన్నే బిడ్డను. మా ఆయన ఆదిలాబాద్‌లో జిన్నింగ్ మిల్లులో పని చేస్తాడు. పత్తి సీజన్ కావడంతో సెలవు దొరకలేదు.

బాబు ఇంకా నెలల పిల్లాడు. మూఢనమ్మకాలు వద్దని చర్చిలో ప్రసంగం చేస్తే అందరికన్నా గట్టిగా ఆమెన్ అనేది మా అత్తమ్మే. బాబు తలకింద ఇనుప ముక్క పెట్టేదీ ఆమే. "బాలింతవు, బొందలగడ్డకు పోతవా? పోరనికి గాలి సోకితే ఎవ్వల్ని అడగాలె?" అంది. నాకూ భయమే. వాడి ఒళ్లు కాస్త వెచ్చబడినా నిద్ర పట్టదు నాకు. అయినా వెళ్తానన్నాను. బాబును తనే ఎత్తుకుని నాతోపాటు ఆటో ఎక్కింది. పాతచోటా, గుట్ట మీదా సమాధుల కంచె దాటి మాత్రం లోపలికి రాలేదు.

ఎముకలు చాలా తక్కువ దొరికాయి. లంగరు గుర్తున్న ఇత్తడి గుండీలు మన్నులో కనిపిస్తే, వాటినీ పెట్టెలో వేయమన్నాను. గుట్ట మీద కొత్త గుంత దగ్గర తల ఎటువైపని తవ్వేవాళ్లు నన్నే అడిగారు. ప్రభువు వచ్చి లేపిననాడు తూర్పు చూడాలి కదా, తల పడమరకు పెట్టమన్నాను.

ప్రార్థన మధ్యలో కంచె అవతల బాబు ఏడుపు మొదలైంది. పాలు చేపుకొచ్చి రవిక తడిసింది. పాస్టర్ గారు ఆగారు.

"పోయి పాలిచ్చి రాండ్రమ్మా, మేం ఆగుతం."

స్నానం చేయనిదే అత్తమ్మ బాబును ఇవ్వదు. చేశాక మళ్లీ లోపలికి రానీయదు. కానీయండి అన్నాను. ఏడుపు వింటూనే పిడికెడు మన్ను వేశాను. తర్వాత బాపు వంతు వేశాను, అవ్వ వంతు వేశాను.

బయట అత్తమ్మ నా తల మీద బిందెడు నీళ్లు పోసి, పొడి చీర ఇచ్చి, "అయిందా?" అంది. అయిందన్నాను. ఆటోలో బాబు పాలు తాగుతుంటే, తాత మన్నులోనే ఉన్నాడని ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్ తీసి పేర్లన్నీ చూశాను. ఆయన్ను ఎరిగినవాళ్లు ఒక్కరూ కనిపించలేదు.