ఎర్రమందు సీసా, రాని ఉర్దూ

నా చిన్నప్పుడు నాకు ఏడు భాషలు వచ్చేవని మొన్న కోదాడ దగ్గర ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో మైకు పట్టుకుని చెప్పాను. మా మనవరాలు చదివే బడి అది. అక్కడ పిల్లలు పాఠాలు ఇంగ్లిష్‌లో చదువుతారు, పైన ఫ్రెంచో హిందీయో ఎంచుకుంటారు, ఇంటి భాష గురించి చెప్పడానికి ఒక పెద్దమనిషిని తీసుకొస్తారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చే దారిలో మనవరాలు మెల్లగా అంది: "ఫ్రెంచి టీచర్ ఏమడిగినా తలూపేస్తున్న తాతా. ఒక్క ముక్క తెలుస్తలేదు." ఆ మాటకు నా చప్పట్లన్నీ దిగిపోయాయి. అందుకే ఈ నిజం రాస్తున్నాను.

మాది నేరేడుచర్ల పక్కన లంబాడీ తండా. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. నాకు వచ్చినవి ఒకటిన్నర భాషలు. కానీ బడికి పోయేవాణ్ని కదా, అన్ని భాషలూ వచ్చని తండా అంతా చాటాను. మా నాయనమ్మను దాది అనేవాళ్లం. ఆమెకు మోకాలు గుమ్మడికాయంత వాచింది. అంత లేదు, కొబ్బరికాయంత. మిర్యాలగూడ దవాఖానకు తోడుగా నన్నే పంపారు.

దాది కొత్త మగవాళ్ల ముందు ముసుగు దించుకునేది, నోరు విప్పేది కాదు. చెప్పాలనుకున్నది పిల్లల చెవిలో ఊదేది. ఆ పెద్ద డాక్టరుకు ఉర్దూ తప్ప రాదు. ఒక చెవిలో దాది గుసగుస, ఇంకో చెవిలో డాక్టరు ఉర్దూ. కొన్ని మాటలు మా లంబాడీ మాటల్లాగే వినిపిస్తాయి, పట్టుకుందామంటే జారిపోతాయి. ఏది ఎవరికి చెప్పాలో, ఏది ఏ భాషో తెలియక నా బుర్ర కవ్వం పెట్టి చిలికినట్టయింది. అయినా ప్రతి మాటకూ తల ఊపాను. ఆయన ఒక ఎర్ర సీసా, ఒక తెల్ల సీసా ఇచ్చి ఏదో వివరించాడు. దాంట్లో నాకు తెలిసింది 'చెంచా' ఒక్కటే.

"ఏమన్నడు?" అని దాది లంబాడీలో నా చెవిలో అడిగింది.

"రెండూ పూటకో చెంచా తాగమన్నడు," అని చెప్పేశాను. తర్వాత నీళ్లు తాగొస్తానని కుళాయి దగ్గరికి పోయాను. నిజానికి దాది ఇంకో ప్రశ్న అడగకుండా తప్పించుకున్నాను.

ఆ సాయంత్రం ఇంటి ముందు కూర్చుని దాది ఎర్ర సీసా మూత తీసింది. ఘాటైన వాసనకు నా కళ్లు మండాయి. చెంచాలో వంచింది. నా వైపు చూస్తూ నోటి దగ్గరికి ఎత్తింది. తాగే మందుకు అలాంటి వాసన ఉంటుందా? ఉంటుందేమో. లేకపోతే? చెంచా పెదవులకు తగలబోయింది.

"వద్దు దాదీ!" అని ఆమె చేయి పట్టుకుని ఏడ్చేశాను. "ఆయన ఏం జెప్పిండో నాకు తెల్వదు!"

చెంచా కింద పెట్టి దాది మాట్లాడింది. తెలుగులో. తండాలో ఆమె నోట తెలుగు ఎన్నడూ వినలేదు నేను. నా కన్నా మంచి తెలుగు.

"నలభై ఏండ్ల సంది తెలుగోళ్ల పొలాలల్ల నాట్లేస్తున్న. నాకు తెలుగు రాదనుకున్నవారా? ఎర్రది రాసుడు, తెల్లది తాగుడని కంపౌండరు దవాఖాన మెట్లమీదనే తెలుగుల చెప్పిండు. నువ్వు కుళాయికాడ ఉంటివి."

"మరి ఎందుకు తాగబోతివి?"

"నువ్వెంతదాంక ఊకుంటవో సూద్దామని." నవ్వి, సీసా నా చేతిలో పెట్టి మోకాలు చాపింది. "రాయి. అన్నీ వచ్చినోనికి ఎవలు నేర్పుతరు బిడ్డా? 'రాదు' అను. నలుగురు వచ్చి నేర్పుతరు."

నిన్న మనవరాలికి ఇదంతా చెప్పాను. నాకు మటుకు అలవాటు అంత తొందరగా పోలేదు, ఇప్పటికీ తల దానంతటదే ఊగబోతుంది. ఈమధ్య సూర్యాపేట బస్టాండులో ఒక ఒడియా మనిషి ఏదో ఊరికి దారి అడిగాడు. సగం తెలిసింది. చెయ్యి అప్పటికే లేచింది, మిర్యాలగూడ బస్సు చూపించడానికి. పెదవుల దాకా వచ్చిన ఆ చెంచా కళ్లముందు కదిలింది. చెయ్యి దించి, "సమజ్ కాలే తమ్మీ, ఇంకోసారి చెప్పు," అన్నాను. మూడోసారికి తెలిసింది. అతను పోవాల్సింది మేళ్లచెరువు.