హొన్నూరమ్మ కట్టిన దారం

హొన్నూరమ్మ గురించి రాయాలంటే ముందు నా నోటి గురించి చెప్పుకోవాలి. ఆమె చేతికి ఎంత పని ఉండేదో, ఆ రోజుల్లో నా నోటికి అంత పని ఉండేది.

ఆమె నా మేనమామ బైలప్ప కూతురు. మా రాయచెర్లులో జయరామప్ప పెట్టిన వేరుశెనగ మిల్లులో గోనెసంచులు కుట్టేది. ఒక దబ్బనం, ఒక పురికొస ఉండ, అంతే ఆమె సరంజామా. మూట నిలబెట్టి, మూతి మడిచి ఎనిమిది పోట్లు వేస్తే, లారీ మీంచి కిందపడినా గింజ రాలేది కాదు. విప్పేటప్పుడు సరైన కొస పట్టి లాగితే కుట్టంతా సర్రున ఊడి వచ్చేది. తప్పు కొస లాగితే ఇంకా బిగుసుకునేది.

ఆమెను నాకిస్తామని మా చిన్నప్పుడే పెద్దలు అనుకున్నారు. కాయలు పండిన ఏడు పెండ్లి అన్నాడు మామ. మూడేండ్లు వాన తప్పింది, పెండ్లీ తప్పింది. ఎనభై ఎనిమిదిలో వాన పడింది, కాయ ఊరింది. ఇక తప్పించుకోవడానికి ఆమెకు సాకు మిగల్లేదు. నన్ను చేసుకోనని ఇంట్లో రెండుసార్లు చెప్పిందట. "బావ గదమ్మా, వద్దంటే ఎట్ల?" అన్నారట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నేను టీవీ పనిలో ఉన్నాను.

జయరామప్ప ఆ ఏడే టీవీ కొన్నాడు. ఏంటెన్నా నిలబెట్టింది నేను కాబట్టి ముందు వరస నాది. ఆదివారం పొద్దున హిందీలో ఒక సీరియల్ వచ్చేది. నలుగురు అన్నదమ్ములు, ఒక ఇల్లు, ఒకే స్నానాల గది, దానికోసం రోజూ కొట్లాట. మిల్లు అరుగు మీద నలభైమంది చేరేవాళ్లు. హిందీ ఒక్కరికీ రాదు. నేను షోలాపూర్లో ఏడాదిపాటు మోటార్లకు వైండింగు నేర్చుకుని వచ్చాను కాబట్టి నాకు వచ్చునని ఊరంతా నమ్మింది. అక్కడ నేనున్న వీధి నిండా తెలుగు నేతగాళ్లే. నాకొచ్చిన హిందీ టీ అడగడానికీ స్పానర్ అడగడానికీ సరిపోయేది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

సీరియల్లో కోడలు మామను చూడగానే ముఖం మీదికి కొంగు లాక్కుంటే, ఆ పక్క దుమ్ము జాస్తి అని చెప్పాను. ఒకసారి ఆ కోడలు జల్లెడ ఎత్తి అందులోంచి చంద్రుణ్ణి చూసింది.

"ఏందప్పా ఆదెప్పా అది?" అని అడిగింది ముసలి తిప్పమ్మ.

"ఆడ చంద్రునికి వెలుతురు జాస్తి అవ్వా. కండ్లు పోతాయని జల్లెడ అడ్డం పెట్టుకుంటారు."

"మల్ల మొగున్ని గూడా జల్లెడలోనే చూసె?"

"మొగుడు తెల్లగా ఉండాడు గదా!"

నలభై తలలు ఊగాయి. ఆ తలలు ఊగితే నాకు కడుపు నిండేది. నా షెడ్డులో బైలప్ప మామ బావి మోటారు విప్పి పెట్టి అప్పటికి ఎనిమిది నెలలు.

మరో వారం ఆ ఇంటి అమ్మాయి తన మేనమామ కొడుకు చేతికి ఎర్రదారం కట్టింది. తిప్పమ్మకు ఇది అసలు మింగుడు పడలేదు.

"సంబంధం దొరకలేదని పోయిన వారమంతా ఏడ్చిరి గదరా. మేనమామ కొడుకు ఇంట్లోనే ఉంటే ఊర్లెంబడి యాల తిరగల్ల?"

ఈ ఒక్క సంగతీ నాకు నిజంగా తెలుసు. షోలాపూర్లో మా మేస్త్రీ ఉత్తరాదివాడు, వాళ్లింట్లో చూశాను. తెలిసింది చెప్పి ఊరుకుంటే పోయేది.

"వాళ్లల్లో మేనమామ కొడుకైనా మేనత్త కొడుకైనా అన్నే అవ్వా. ఆ దారం కట్టినాక మార్చేకి ఎవురితోనూ కాదు. తాసిల్దారు వచ్చినా కాదు, కోర్టుతో గూడా కాదు!"

నా పక్కనే ఉన్న మామ కూడా తల ఊపాడు. అరుగు కింద మూట కుడుతున్న హొన్నూరమ్మ తలెత్తింది. నా వివరణ ఆమె చెవిన పెట్టడం అదే మొదటిసారి.

"పట్టుదారమే కావల్నా బావా?"

"ఏ దారమైనా ఒకటే. పురికొసైనా సరే."

"మన పక్క చెల్లుతాదా?"

"దేశమంతా చెల్లుతాది!"

ఆమె దబ్బనం మూటకు గుచ్చి లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, నా మణికట్టుకు పురికొస మూడు చుట్లు చుట్టి ముడి వేసింది. మూట మూతికి వేసే ముడే. టీవీలో పళ్లపొడి ప్రకటన వస్తోంది. ఎవరూ అటు చూడటం లేదు.

"ఏంది పాపా ఇది!" అని మామ లేచాడు.

"నాకు పనిచేసేవాడు కావల్ల నాయనా, మాట్లాడేవాడు వద్దు. మన మోటారు విప్పి ఎనిమిది నెల్లాయ." నా వైపు తిరిగింది. "బలవంతం లేదు బావా. నీకు ఇష్టం లేకుంటే కొస పట్టి లాగు, ఊడిపోతాది."

రెండు కొసలు వేలాడుతున్నాయి. ఊరు నా చేతినే చూస్తోంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఒక కొస పట్టి గట్టిగా లాగాను. అది ఎముకదాకా బిగిసింది.

ఆమె మనసు తెలిసి కావాలనే తప్పు కొస లాగానని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. అబద్ధం. టీవీ రాకముందు నుంచీ మూడేండ్లు ఆ అరుగు మీద ఆమె ముందు కూర్చుని కబుర్లు చెప్పాను గాని, ఆమె చేతులు ఏం చేస్తున్నాయో ఒక్కనాడూ చూడలేదు.

"బిగిసిపాయ! ఇంక కోర్టుతో గూడా కాదంట!" అని తిప్పమ్మ నవ్వుతూ అరుగు మీద పడి పొర్లింది. మామ నా మొహం చూశాడు.

"అంతే మామా," అన్నాను. ఇంకేమనగలను?

ఇంటికెళ్లి దారాన్ని రంపం బ్లేడుతో కోసుకున్నాను. మర్నాడు మోటారు ముందు కూర్చున్నాను. నాలుగు రోజుల్లో తీగ చుట్టి, బావి దగ్గర బిగించి, నీళ్లు పడ్డాక ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చేశాను. ఆ ఏడాది అంత కష్టమైన పని మరొకటి చేయలేదు. మోటారు సంగతి కాదు నేను చెప్పేది.

మరుసటి ఏడు ఆమె వల్లూరు రామాంజినేయులును చేసుకుంది. గొర్రెలు కాసే మనిషి, వారానికి నాలుగు మాటలు మాట్లాడతాడు. పుట్టింటి తరఫున ఒక మూట విత్తనం కాయలు నేనే తీసుకెళ్లాను. మిల్లులో మూడు రోజులు చూసి నేర్చుకుని, మూతి నా చేత్తోనే కుట్టాను.

హొన్నూరమ్మ కొస పట్టి లాగింది. రాలేదు. రెండో కొస లాగింది. అదీ రాలేదు. లోపలికెళ్లి కొడవలి తెచ్చి మూతి కోసింది.

"అన్నా," అంది, "నువ్వు మోటార్లే చూసుకో."