మాడు వాసన

మా అమ్మ స్పిన్నింగ్ మిల్లులో నైట్ డ్యూటీ చేసేది. పొద్దున్నే జుట్టు నిండా దూదితో ఇంటికొచ్చి, మమ్మల్ని బడికి పంపి, బట్టలుతికి, నీళ్ళు పట్టి, మధ్యాహ్నం ఎప్పుడో కాస్త నడుం వాల్చేది. సాయంత్రం పొయ్యి మీద ఎండు చిక్కుడు గింజల కూర పడేసి, గోడకు ఆనుకుని నిలబడే కునుకు తీసేది. గింజలు మొండి సరుకు. ఉడకమంటే ఒక పట్టాన ఉడకవు గానీ, అడుగంటడానికి మాత్రం ఆ ఒక్క కునుకు చాలు.

మా నాన్న చాలా మంచివాడని చుట్టాలంతా అంటారు. అనక ఏం చేస్తారు, వాళ్ళేమైనా ఆయనతో కాపురం చేశారా? కూరలో మాడు వాసన తగిలిందంటే ఆ మంచివాడు గిన్నె ఎత్తి గోడకు కొట్టేవాడు. గిన్నె అయ్యాక అమ్మ వంతు. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. దెబ్బలన్నీ అయ్యాక "మళ్ళీ వండుతాను, కాసేపే" అంటూ గిన్నె ముందేసుకుని అడుగు గీకడానికి కూర్చునేది. ఎప్పుడూ కాళ్ళకు అడ్డం పడుతూ తిరిగే చిన్నదాన్ని కాబట్టి నేను అన్నీ చూశాను.

అన్నయ్యకు ఇవేవీ తెలియవు. అది వాడి తప్పు కాదు. నాన్న వచ్చేలోపే వాడికి తిండి పెట్టేసి ట్యూషన్‌కు తరిమేసేది అమ్మ. వాడు ఆ మాడు కూరనే లొట్టలేసుకుంటూ తిని, గిన్నె నాకి మరీ వెళ్ళేవాడు. "వంక పెట్టకుండా తినేది వాడొక్కడే" అని అమ్మ ఇప్పటికీ మురిసిపోతుంది.

అలాంటి అన్నయ్య పెద్ద ఊళ్ళో పెద్ద హోటల్లో షెఫ్ అయ్యాడు. నాన్న పోయినప్పుడు చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళిన మనిషి, పోయిన ఏడాది ఉన్నట్టుండి సామానుతో సహా దిగబడ్డాడు. సొంత ఊరి రుచులు వెతుకుతాడట, ఇక్కడే హోటల్ పెడతాడట. వెంట ఒక కెమెరా ఆయన. ఇద్దరూ రైల్వే కూలీలు తినే హోటల్లో తిన్నారు, మిల్లు గేటు దగ్గర బండి ముందు నిలబడి తిన్నారు, తెలిసిన ప్రతి ఇంట్లోనూ వంటింట్లో దూరి గిన్నెల మూతలెత్తి చూశారు. ఊరంతా వాణ్ణి నెత్తిన పెట్టుకుంది. పక్కింటి పిన్ని అయితే వాడికి వంట నేర్పుతున్నట్టు ఫోటో దిగి ఫ్రేము కట్టించుకుంది.

ఊరంతా తిరిగి చివరికి అమ్మ దగ్గరకొచ్చాడు. నా కుట్టు షాపు వెనకున్న రెండు గదుల్లో అమ్మ నాతోనే ఉంటుంది. కొడుకు అడిగాడని మోకాళ్ళ నొప్పితోనే పొయ్యి దగ్గర నుంచుని, కలుపుతూ కలుపుతూ గింజల కూర వండింది. వాడు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తెరిచాడు.

"బాగుందమ్మా. కానీ అది కాదు. అప్పట్లో ఏదో పొగ పట్టినట్టు ఒక రుచి ఉండేది చూడు, అదీ నాక్కావాల్సింది."

అమ్మ నా వైపు చూసింది. నేను పొయ్యి వైపు చూశాను.

"ఏమోరా, అప్పటి గింజలు వేరు" అంది అమ్మ.

వంట చదువుకున్నవాడు కదా, వారం తిరక్కుండా కనిపెట్టేశాడు. ఫోన్ చేసి, "దొరికిందే! అడుగంటనివ్వాలి, అంతే!" అని చిన్నపిల్లాడిలా కేకలేశాడు. ఇక ఆగలేక నేనే వెళ్ళాను. కొత్త హోటల్లో ఇంకా రంగులు వేస్తున్నారు. వాణ్ణొక మూలకు తీసుకెళ్ళి గోడకు కొట్టిన గిన్నెల దగ్గర్నుంచి అమ్మ వీపు మీది మచ్చ దాకా అన్నీ చెప్పాను. వాడికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అవి దొంగ కన్నీళ్ళు కావు. హమ్మయ్య అనుకున్నాను.

వాడు ముక్కు తుడుచుకుని అన్నాడు, "ఇంత కథ ఉందని నాకు తెలీదే. ఇది జనానికి చెప్పాలి."

ఒళ్ళు మండిపోయింది. "చెప్పుకోవడానికి అది నీ వీపు కాదు" అన్నాను.

"సరే, నాన్న ఊసు ఎత్తను. కూర మాత్రం ఉంటుంది. అది లేకపోతే నా హోటల్‌కీ పక్క హోటల్‌కీ తేడా ఏముంది?"

"అయితే అమ్మని పిలవకు. ఆ వాసన మళ్ళీ ఆవిడ ముక్కుకు తగలనివ్వకు అన్నయ్యా. నేను అడిగేది అదొక్కటే."

"'అమ్మ వంట' అని బోర్డు పెట్టి అమ్మ లేకుండా ఎలా తెరవమంటావే?"

అప్పటికే అమ్మ కొత్త బట్టలు ఇస్త్రీ చేయించి పెట్టుకుంది. వద్దంటే వినదు. ఎందుకు వద్దో చెప్పాలంటే పాతవన్నీ తవ్వాలి. మానిన పుండు నేనెలా కెలకను?

హోటల్ తెరిచిన రోజు అమ్మను నడిమధ్య బల్ల దగ్గర కూర్చోబెట్టారు. చుట్టూ ఊరి పెద్దలు. గిన్నెలు తెచ్చి అందరి ముందూ పెట్టి, ఒక్కసారే మూతలెత్తారు. గది నిండా మాడు వాసన కమ్ముకుంది. నీళ్ళ గ్లాసు అందుకోబోతున్న అమ్మ దాన్ని పక్కకు జరిపింది.

ఆవిడ లేచింది. పక్కన కూర్చున్న బ్యాంకు మేనేజరు చేతిలో చెంచా ఉండగానే ఆయన గిన్నె లాక్కుంది.

"తినకండి బాబూ, మాడింది. మళ్ళీ వండుతాను, కాసేపే."

తర్వాత ఆ పక్కాయనది. ఆ తర్వాత ఎదుటి బల్ల వాళ్ళవి. గిన్నె మీద గిన్నె పెట్టుకుంటూ, అందరికీ అదే మాట చెప్పుకుంటూ తిరుగుతోంది. ఇదంతా కార్యక్రమంలో భాగమనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళూ అందుకున్నారు. కెమెరా ఆయన దగ్గరికి జరిగాడు.

అన్నయ్య పరుగున వచ్చి ఆవిడ భుజాలు పట్టుకున్నాడు. "అమ్మా, కావాలనే అలా చేశాను. నాకిష్టమని."

అమ్మ వాడి మొహంలోకి చూసి, వాడికీ పక్కనే ఉన్న నాకూ తప్ప ఎవరికీ వినపడకుండా మెల్లగా అంది, "నువ్వు తినేశావుగా? ట్యూషన్‌కి వెళ్ళిపో నాన్నా. ఆయన వచ్చే వేళయింది."

చప్పట్లు ఇంకా ఆగలేదు.

ఏరిన గిన్నెలతో హోటల్ వంటింట్లోకి దూరిన అమ్మను అక్కణ్ణుంచి కదిలించడం నా తరం కాలేదు. పీట వేసుకుని కూర్చుని, కూర వండిన పెద్ద గిన్నె అడుగు తళతళలాడేదాకా గీకి గానీ ఇంటికి రాలేదు. మర్నాడు వంటవాళ్ళు అదే గిన్నెలో గింజలు పోసి, అన్నయ్య చెప్పినట్టే అడుగంటించారు.