జ్వరం పురుగును లేపకూడదన్న మా వదిన

మా వదిన పోయిందన్న కబురు నాకు రెండు గంటలు ఆలస్యంగా చెప్పారు. మదనపల్లె నుంచి ఫోను పన్నెండుకే వచ్చిందట. అప్పుడు నేను పడుకుని ఉన్నాను. మంచం కోడుకు నీలం గుడ్డ కట్టి ఉంది. ఆ గుడ్డ ఉంటే ఇంటి కప్పు కూలినా నన్ను లేపకూడదని చట్టం చేసింది మా వదినే. అందుకని మా కోడలు ఫోను ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ గడపలో కూర్చుంది. లేచి సంగతి విన్నాక నేను దాన్ని తిట్టిన తిట్లు ఈ కాగితం మీద పెట్టడానికి అది ఒప్పుకోవడం లేదు. నాకు అక్షరం ముక్క రాదు. చెప్పేది నేను, రాసేది కోడలు.

"లేపింటే ఆయమ్మ నన్ను ఊరికే ఇడిసేదా అత్తా?" అంది.

పోయిన మనిషి ఎట్లా తిడుతుందే అన్నాను. అన్నానే గానీ, మా వదినైతే తిట్టగలదు.

ఆమె మా ఆయనకు అక్క. నేను కాపురానికి వచ్చిన తొలిరోజు వండిన రాగిసంగటిలో గడ్డలు కట్టాయి. ఆమె ఒక్కో గడ్డనూ ఏరి, కంచం అంచున వరసగా పేర్చి, అందరికీ చూపించింది. నేను కంచం లాక్కున్నాను. అప్పుడు మొదలైన పోట్లాట మా ఆయన పోయినా ఆగలేదు. ఆమె నాకు మేలు చేసిందని ఇన్నాళ్ళూ ఆమె ఎదుట ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు మీ అందరి ముందూ అంటున్నాను.

పుంగనూరు దగ్గర మా పల్లెలో మాకు పట్టుపురుగుల షెడ్డు ఉంది. ఆ షెడ్డే నా బతుకు. నాలుగేళ్ళ కింద నా కాళ్ళు నేలకు అతుక్కుపోవడం మొదలైంది. అడుగు తీసి అడుగు వేయలేకపోయేదాన్ని. నాకు తెలియకుండానే చీర తడిసేది. పురుగులకు మల్బరీ ఆకు వేశానో లేదో గుర్తుండేది కాదు. ముసలితనం అన్నారు. కుప్పంలో డాక్టర్లు చూసి తలలో నీళ్ళు చేరాయన్నారు. ఆపరేషన్ చేసి, తలలోంచి మెడ పక్కగా తోలు కిందనే కడుపులోకి సన్నటి గొట్టం వేశారు. షంట్ అంటారట. వారానికి లేచి నడిచాను. ఊరంతా వచ్చి చూసింది.

చూసిపోయిన వాళ్ళకు తెలియనిది ఒకటుంది. పొద్దున బాగానే ఉంటాను. పది దాటేసరికి ఒళ్ళంతా తడిసిన గోనెసంచి అయిపోతుంది. లేచి నిలబడితే తల పగిలేది. మిక్సీ శబ్దం వింటే ఏడుపొచ్చేది. మెడ తిప్పితే గొట్టం లాగినట్టుండేది.

"ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరే సెప్పె గదమ్మా, ఇంగా యాల పండుకుంటావు? ఈ పంటతో షెడ్డు మూసేద్దాం" అన్నాడు మా అబ్బాయి. వాడు ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం నన్నే మూసేద్దాం అన్నట్టు వినబడింది. అందుకని లేని బలం తెచ్చుకుని, కళ్ళు మూతలు పడుతుంటే ఆకు గంప ఎత్తుకుని షెడ్డులోకి పోయేదాన్ని.

అప్పుడు దిగింది మా వదిన, మదనపల్లె బస్సులో, ఒక సంచీతో. వచ్చిన రోజే నన్ను పట్టుకుంది.

"ఏమ్మే, జ్వరంలో ఉండే పురుగులకు ఆకేసినావే, కండ్లు యాడ పెట్టుకోనుండావు?"

తెలియనివాళ్ళకు చెబుతాను. పట్టుపురుగు పాత పొర విడిచే ముందు మేత మాని నిద్రపోతుంది. అట్లా నాలుగుసార్లు. దాన్ని మేము జ్వరం అంటాం. ఆ పూట ఆకు వేయకూడదు, కదిలించకూడదు. ఇన్నేళ్ళు పురుగులు మేపినదాన్ని, నిద్రపోతున్న పురుగుల మీద పచ్చి ఆకు కుమ్మరించాను.

"మర్సిపోతిని వదినా. పని సెయ్యకపోతే షెడ్డు మూసేస్తానంటాండాడు మావోడు."

"పురుగుకు తెలిసింది గూడా నీకు తెలీదే! అది సోమరితనంతో పండుకుంటాదా? నీ తలకాయలో కొత్తగా గొట్టం దూర్చినారు, దానికి మాత్రం నిద్ర వద్దా?" అని, మా అబ్బాయి వైపు తిరిగింది. "పురుగు నాలుగుతూర్లు పండుకుంటే షెడ్డు మూసినావా? మీయమ్మ పండుకుంటే మూస్తావా?"

వాడు తలవంచుకుని ఆకు కోయడానికి పోయాడు.

ఆ రోజే తన పాత నీలం చీర అంచు చించి నా మంచం కోడుకు కట్టింది. పొద్దున తొమ్మిది దాకా నా పని. అదీ స్టూలు మీద కూర్చుని. తర్వాత నిద్ర. లేచేటప్పుడు కాళ్ళు కిందికి వేలాడేసి, అంబలి తాగి, అప్పుడు నిలబడాలి. మిక్సీ వేసేది నన్నడిగాకే.

గుడ్డ కట్టేముందు ఒక పరీక్ష కూడా పెట్టింది. "జ్వరం పురుగు తల ఎత్తుకోని పండుకుంటాది. రోగం పురుగు తల వాలేస్తాది. నువ్వేదో నాకు తెలియాల" అని రోజూ అడిగేది, "ఏమ్మే, సంగటిలో గడ్డలు లేకుండా కెలకను ఇప్పుడన్నా నేర్సినావా?"

ఒకరోజు "మీయమ్మకు పండ్లు లేక గడ్డలనుకునింది" అనేదాన్ని. ఇంకోరోజు "నీ మొగుడు మాత్రం రెండోతూరి అడిగి పెట్టించుకునె" అనేదాన్ని. నేను తిడితే ఆమె తృప్తిగా ముడి వేసేది.

ఒకనాడు అడిగింది. నేను "ఏమో" అన్నాను.

ముడి వేయలేదు. "పెద్దోడా, కారు పిలువు!" అని మా అబ్బాయికి ఒకటే కేక. నాకేం కాలేదు, నిద్రే అని గొణిగాను. "నోరు ముయ్యి. తిట్టలేదు నువ్వు నన్ను" అంది. కుప్పం చేరేదాకా నా తల ఆమె ఒళ్ళోనే ఉంది. గొట్టం నీళ్ళు మరీ ఎక్కువగా తోడేస్తోందని డాక్టరు చెప్పారు. తల మీద అయస్కాంతం లాంటిది పెట్టి గొట్టంలో నీళ్ళను అదుపుచేసే బిళ్ళను సరిచేశారు. ఊరికే అలసటే అనుకుని ఇంట్లో ఉంచి ఉంటే కష్టమయ్యేదట. రెండు రోజులకు నేను లేచి, అడగకుండానే ఆమెను తిట్టాను. ఆమె నర్సును పిలిచి మరీ వినిపించింది.

షెడ్డు మూయలేదు. వదిన మదనపల్లెకు తిరిగిపోయాక కోడలే గుడ్డ కట్టేది, అదే ప్రశ్న అడిగేది. కబురొచ్చిన రోజు కూడా అడిగే కట్టింది.

ఆ గుడ్డ విప్పుకుని మదనపల్లె పోయాను. ఆడవాళ్ళు గట్టిగా ఏడుస్తున్నారు. నేను ఆమె తల దగ్గర కూర్చుని అడిగాను.

"ఏం వదినా, నా సంగటిలో గడ్డలుండాయా?"

కాసేపు చూశాను. సంగటి మాట ఎత్తాక నా ఎరుకలో ఆమె ఊరికే ఉన్నది అదొక్కసారే. గుడ్డ తీసి ఆమె పడుకున్న మంచం కోడుకు కట్టాను. "మెల్లిగా ఏడ్సండమ్మా" అన్నాను. ఎందుకో అందరూ మెల్లగా ఏడ్చారు.

మూడో దినం అయ్యాక ఇంటికి వస్తే పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. కోడలూ నేనూ ఆకు పరిచాం. కాసేపటికి షెడ్డంతా అవి ఆకు నమిలే చప్పుడు, రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు. నాకు ఒళ్ళు బరువెక్కింది. కోడలు దగ్గరికొచ్చి "అత్తా, సంగటిలో గడ్డలు..." అని అడగబోయి ఏడ్చేసింది.

"మీయమ్మ సంగటి కంటే మేలే, పో" అన్నాను.

కట్టడానికి గుడ్డ లేదు. తన కొంగు కొసనే మంచం కోడుకు ముడివేసి కింద కూర్చుంది.

మెలకువ వచ్చేసరికి ఎండ వాలింది. ముడి అట్లాగే ఉంది. కోడలు మంచం పట్టెకు తల ఆనించి నిద్రపోతోంది. నేను లేని ఆ మూడు రోజులూ పురుగులను చూసుకుంటూ దానికి నిద్ర లేదు. కాళ్ళు మెల్లగా కిందికి వేలాడేసి, ఆకు తినే చప్పుడు వింటూ కూర్చున్నాను. దాన్ని లేపలేదు.